గునుగు కాడలు

డిసెంబరు పద్దెనిమిది, గురువారం, ఉదయం ఆరు గంటలు. గోదావరిఖని దగ్గర బొగ్గు తీసి వదిలేసిన పాత ఓపెన్‌కాస్ట్ గుంతలో మహిళా సంఘం పెంచుతున్న చేపలు చచ్చి తేలాయి. పది కేజ్‌లలో ఎనిమిది పోయాయి. లోతు తక్కువ ఉన్న చోట, ఒడ్డు పక్కన కట్టిన రెండింట్లో చేపలు మూతులు నీటి పైకి పెట్టి తిరుగుతున్నాయి.

సంఘం అధ్యక్షురాలు అనసూర్య మేత బస్తా వేసుకుని పుట్టిలో కేజ్‌ల దాకా వెళ్లింది. ప్లాస్టిక్ పీపాల మీద తేలే ఇనుప చట్రాలు, వాటికి వేలాడే వలలు. మామూలుగా పుట్టి చట్రానికి తగిలిన చప్పుడుకే చేపలు ఎగురుతాయి. ఆ రోజు చప్పుడు అయింది, ఏదీ ఎగరలేదు. ఆమె చట్రం మీద మోకాళ్లూని ఒక తిలాపియాను తీసింది. నోరు తెరిచి ఉంది. మొప్ప ఎత్తి చూసి, దాన్ని తిరిగి నీళ్లలో వెయ్యకుండా పుట్టిలో పెట్టుకుంది. నీళ్ల మీద కుళ్లిన గుడ్డు వాసన ఉంది. చచ్చిన చేపల వాసన అనుకుంది.

కొద్దిసేపటికి సంఘం ఆడవాళ్లు వచ్చారు. చేతి వలలతో తోడి, డబ్బాలకు ఎత్తి, ఒడ్డున పరిచిన పట్టా మీద పోశారు. పట్టా చాలలేదు. వాళ్లలో మమత ఇంకొకటి తేవడానికి పైకి వెళ్లింది. గుంతలోకి దిగే బాట మొదట్లో గేటు ఉంది. గేటుకు దసరా నాటి ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. కాలనీ ఆడపడుచులకు బతుకమ్మ శుభాకాంక్షలు అని రాసి, పక్కన అనసూర్య ఫొటో వేశారు.

సంఘానికి మేత తెచ్చేదీ, చేపలు కొనేదీ ఉపేందర్. అతను బండి గేటు దగ్గర ఆపి నడిచి వచ్చాడు. పట్టా చుట్టూ తిరిగాడు. చెప్పు మొనతో ఒక చేపను తిప్పాడు.

“మందు కలిపిన్రు అక్కా. రోగమైతే ఒక్క రాత్రిల ఇన్ని పోతయా?”

అనసూర్య బాట పైనున్న కాపలా గుడిసె వైపు చూసింది. మిగతా వాళ్లు కూడా అటే చూశారు.

గుడిసెలో ఉండేది ఆమోసు. గని నుంచి రిటైరైన తర్వాత సంఘానికి కాపలా ఉంటున్నాడు. కిందటి వారం సంఘం అతనికి ఒక మాట చెప్పింది. వయసైంది కాబట్టి కొత్త సంవత్సరం నుంచి ఉపేందర్ తమ్ముడు కాపలా ఉంటాడని. ఆమోసు ఆ రోజు అందరి ముందు, నన్ను పంపినంక ఈ నీళ్లల్ల మీకు చేప దక్కదు అన్నాడు. ఆ మాట విననివాళ్లు సంఘంలో లేరు.

అతను గుడిసె ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాళ్లు రావడం చూసి లేచాడు.

“రాత్రి ఎవరన్న దిగిన్రా అన్నా?” అని అనసూర్య అడిగింది.

“ఎవరు దిగలే.”

“నువ్వు ఈన్నే ఉన్నవా?”

“ఈన్నే ఉన్న చెల్లె. ఎటు పోత?”

కుర్చీ పక్కన ఇనుప కుంపటి ఉంది. నాలుగు రోజులుగా చలి పెరిగింది. కుంపటి లేకుండా ఆ ఒడ్డున రాత్రి ఎవరూ కూర్చోలేరు. అనసూర్య వంగి బూడిదలో చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. పై పొర మంచుకు తడిసి పెచ్చు కట్టింది. ఆమె పెచ్చు విరిచి కిందిదాకా వేళ్లు పోనిచ్చింది. అక్కడా చల్లగానే ఉంది. చెయ్యి పైకి తీసి అతనికి చూపించింది. ఆమోసు ఆ చేతిని చూసి తల దించుకున్నాడు.

ఈలోగా ఉపేందర్ గుడిసెలోకి వెళ్లి ఒక డబ్బా పట్టుకొచ్చాడు. పురుగుమందు డబ్బా. అడుగున కొంచెం మందు మిగిలి ఉంది.

“ఇదేంది కాకా?”

“వంకాయ చెట్లకు కొట్టిన.”

గుడిసె వెనక నాలుగు వంగ చెట్లు ఉన్న మాట నిజమే. ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు.

పదకొండు గంటలకు పోలీస్ స్టేషన్‌లో అనసూర్య ఫిర్యాదు ఇచ్చింది. మమత రాసింది, అనసూర్య సంతకం చేసింది. ఆమోసు మీద అనుమానం ఉంది అనే వాక్యం ఉపేందర్ చెప్పాడు. సంతకం ముందు ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టి చదువుకుంది. తీసెయ్యమనలేదు. ఎస్సై డబ్బా తీసుకుని మూతకు గుడ్డ చుట్టించాడు. మత్స్యశాఖ వాళ్లను పిలుస్తానని, రేపు మధ్యాహ్నం దాకా చూసి కేసు రాసి కోర్టుకు పంపిస్తానని చెప్పాడు. కేసు రాసిన తర్వాత వాపసు ఉండదని కూడా చెప్పాడు. ఆమోసును వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

తిరిగి వచ్చాక చచ్చిన చేపలకు గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చారు. పని అయిపోయాక అనసూర్య ఒడ్డున చేతులు కడుక్కుంది. ఆమెకు రెండు మూరల దూరంలో ఒక కొర్రమట్ట పైకి వచ్చింది. నోరు తెరిచి గాలి మింగింది, తిరిగి మునిగింది. ఎవరూ పెంచని చేప, గుంతలో తనంతట తాను పెరిగింది. అనసూర్య దాన్ని చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్లింది.

సాయంత్రం ఆమోసు భార్య సుగుణమణి అనసూర్య క్వార్టర్‌కు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు చువ్వ పట్టుకుని నిలబడింది. అనసూర్య భర్త రాయమల్లు నైట్ షిఫ్టుకు తయారవుతూ మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు.

స్టేషన్‌కు అన్నం తీసుకపోయానని, తినలేదని సుగుణమణి చెప్పింది. చలికి దుప్పటి ఇస్తే తీసుకున్నాడట. రాయమల్లు ఒక బూటు లేసు కట్టడం అయిపోయింది.

“రాత్రి ఆయన గుంత కాడ లేడు అనసూర్యా. క్యారల్స్‌కు పోయిండు. డోలక్ కొట్టెటోడు ఊరికి పోయిండని పాస్టరయ్య అడిగితె పోయిండు. మీ వెనక లైన్ల గూడ పాడిన్రు. నువ్వు వినలేదా?”

అనసూర్య విన్నది. నిద్రలో డోలక్ వినబడి దుప్పటి చెవుల మీదికి లాక్కుంది.

“విన్న.”

“కాపలా ఇడిసి పోయిన్నంటె పండుగ ముందటనే తీసేస్తరని భయపడ్డడు. అందుకె ఈన్నే ఉన్ననన్నడు.”

“ఆయన లేనప్పుడు ఇంకెవరో దిగి కలిపిన్రేమో. అది ఆయన తప్పు గాదా వదినె?”

“తప్పే. తప్పుకు పని తీసెయ్. జైలుకు పంపుతవా?”

అనసూర్య గేటు గొళ్లెం తీసింది, మళ్లీ పెట్టింది. డబ్బా సంగతి అడిగింది. సుగుణమణి వంకాయల మాటే చెప్పింది. కిందటి నెల ఒక సంచి వంకాయలు మీ ఇంటికి గూడ పంపిండు గద అని గుర్తు చేసింది. అవి వండుకున్నారు.

ఆమె వెళ్లాక రాయమల్లు రెండో బూటు తొడుక్కున్నాడు.

“ఆమోసన్న అబద్ధాలాడ్తడు. సెలవు కోసం వాళ్ల మేనత్తను మూడుసార్లు సంపిండు. మందు కలిపేటోడైతె కాదు.”

“మరి పోయి ఎస్సైకి చెప్పు.”

“నేనెందుకు చెప్త? సంతకం నాదా?”

అతను టిఫిన్ డబ్బా తీసుకుని బస్సు దగ్గరికి వెళ్లాడు.

శుక్రవారం ఉదయం మత్స్యశాఖ నుంచి సంతోషి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయి. మంచిర్యాల పిల్ల. స్కూటీ మీద ఒక ఐస్ పెట్టె, ఒక తాడు చుట్ట, రెండు దవడల్లా తెరుచుకునే ఒక ఇనుప డబ్బా తెచ్చింది. పూడ్చకుండా ఐసులో ఉంచమని నిన్ననే ఫోన్‌లో చెప్పిన చేపలను ముందు చూసింది. కత్తెరతో మొప్పలు కోసి తెల్ల పళ్లెంలో పరిచింది. రెండింటిని మూట కట్టి పెట్టెలో పెట్టింది. మందు ఉన్నదీ లేనిదీ హైదరాబాద్ ల్యాబు చెప్పాలని, వారం పడుతుందని అంది.

“వారమా? మధ్యాహ్నం కోర్టుకు పంపుతరట మేడం” అని అనసూర్య అన్నది.

“నేను రిపోర్టు లేకుంట స్టేషన్ల ఏం చెప్పలేనక్కా. నీళ్లు చూద్దాం పా.”

ఇద్దరూ పుట్టిలో గుంత మధ్యకు వెళ్లారు. తెడ్డు అనసూర్య వేసింది. ఒడ్డున ఉపేందర్, మమత, ఇంకో ముగ్గురు నిలబడ్డారు. సంతోషి వైరు చివర కట్టిన మీటరును నీళ్లలోకి వదిలి, ఆగి, చదివి, ఇంకాస్త వదిలింది. పైనా తక్కువే ఉందని, కిందికి పోతే అసలే లేదని చెప్పింది. ఏం లేదని అనసూర్య అడిగింది. చేప పీల్చుకునే గాలి, అని సంతోషి అన్నది.

అప్పుడే పుట్టి పక్కన కొర్రమట్ట ఒకటి పైకి వచ్చి మునిగింది. సంతోషి మీటరు పట్టుకునే ఆగిపోయింది.

“ఇవి నిన్న గూడ ఉన్నయా?”

“ఉన్నయ్. నేను చూసిన.”

“సచ్చిన వాటిల కొర్రమట్ట వచ్చిందా?”

అనసూర్య గొయ్యి గుర్తు చేసుకుంది. డబ్బాలు ఎత్తినప్పుడు ప్రతి డబ్బాలోకీ చూసింది. ఒక్క కొర్రమట్ట కూడా రాలేదు.

“మందు కలిపితె వీట్ల గూడ కొన్ని తేలాలె” అని సంతోషి చెప్పింది. “ఇది నీళ్లల్ల గాలి లేకున్నా పైకొచ్చి మింగి బతుకుతది. మీ చేపకు ఆ ఉపాయం లేదు. పైంగ వలల ఉంటది, ఎటు పోతది?”

ఆమె ఇనుప డబ్బాను తాడుకు కట్టి దించింది. తాడు చాలాసేపు జారింది. అడుగు తగిలాక గట్టిగా ఒక గుంజు గుంజి, ఇద్దరూ కలిసి పైకి లాగారు. డబ్బాను బేసిన్ మీద తెరిచారు. నల్లటి బురద పడింది. దాంతో పాటు వాసన వచ్చింది. నిన్న పొద్దున నీళ్ల మీద వచ్చిన వాసనే. అప్పటికి చేపలు కుళ్లలేదు కదా అని అనసూర్యకు తట్టింది.

సంతోషి బురద మీద నీళ్లు పోసి కడిగింది. కాడలు తేలాయి. వేలెడు పొడవు, కట్టలు కట్టలుగా. ఒక కట్ట చివర గులాబీ రంగు కొంచెం మిగిలి ఉంది. పువ్వు లేదు. గుమ్మడాకు ఈనెలు ఉన్నాయి, ఆకు లేదు. తంగేడు రెమ్మలు ఉన్నాయి, రేకులు లేవు.

అనసూర్య ఒక కట్టను తీసుకుని బొటనవేలితో బురద తుడిచింది. దాన్ని పసుపు రంగు సన్న తీగతో కట్టారు. గనిలో బొగ్గు పేల్చడానికి వాడే తీగ. మిగిలిన ముక్కలు గని పనివాళ్ల ఇళ్లలో దండేలకూ బుట్టలకూ వాడతారు. అనసూర్య బతుకమ్మకు రంగు అద్దిన గునుగు పూలను ఆ తీగతోనే కట్టింది. వెనక లైన్లో వాళ్లు కూడా దాంతోనే కట్టారు.

“ఇవి ఎప్పటియి?” అని సంతోషి అడిగింది.

“సద్దుల బతుకమ్మ నాటియి.”

ఆ ఏడు వానలకు ఊరి చెరువుకు గండి పడి నీళ్లు నిలవలేదు. బతుకమ్మలు ఎక్కడ వెయ్యాలని కాలనీ ఆడవాళ్లు అడిగితే, మా గుంతకు తెండి అని అనసూర్య చెప్పింది. సంఘాన్ని అడగలేదు. గేటు తాళం తానే తీసింది. చుట్టుపక్కల కాలనీలన్నీ వచ్చాయి. రాలేని వాళ్లవి ట్రాక్టర్లలో వచ్చాయి. మర్నాడు పొద్దునకు పూలన్నీ నానిపోయి మునిగాయి. నీళ్లు శుభ్రమయ్యాయని ఆమె సంతోషపడింది.

“రంగు వల్లనా?” అని అడిగింది.

“రంగు గాదు. పువ్వైనా ఆకైనా నీళ్లల్ల పడ్డంక కంటికి కనవడని జీవులు తింటయక్కా. రేకులు మెత్తగుంటయ్, మొదలు అవి పోతయ్. కాడ గట్టిది. బూజు అసొంటిది పట్టి దాన్ని వదులు చేస్తది, అప్పుడు మిగిలినయి తింటయ్. తినాలంటె వాటికి గూడ గాలి కావాలె. కింద నీళ్లు చల్లగుంటయి గద, నిదానంగ తింటయ్. బాగ చలి ఉండే దేశాల సరస్సులల్ల ఒక ఆకు ఏండ్ల తరబడి ఉంటది. నిదానమే గని ఆపవు. ఈ గుంతల కింది నీళ్లకు పై గాలి అందది. ఉన్న గాలి అవి వాడుకున్నయ్. అది ఒడిసినంక గాలి లేకుంట బతికే జీవులు పని వట్టినయ్. బొగ్గు గుంత నీళ్లల్ల గంధకం ఉంటది. ఆ వాసన వాటిదే.”

“రెండు నెలల సంది ఏం గాలె. ఒక్క రాత్రిల ఎట్ల పోయినయ్?”

“ఇన్ని రోజులు పై నీళ్లు వెచ్చగ ఉండె, తేలికగ ఉండె. కిందియి కిందనే ఉండె. మొన్నటి చలికి పైయి చల్లబడి బరువైనయ్, దిగినయ్. కిందియి లేచినయ్.”

సంతోషి బేసిన్‌లో నీళ్లు మార్చింది. ఇది తన అంచనా అని, ల్యాబు కాగితం వచ్చేదాకా అంచనానే అని మళ్లీ చెప్పింది. మిగిలిన రెండు కేజ్‌లను ఇంకా ఒడ్డుకు లాగమని, గాలి మోటారు పెట్టమని, చలి తగ్గేదాకా మేత తగ్గించమని చెప్పింది. అనసూర్య ఒడ్డు వైపు తెడ్డు వేసింది. కాడల కట్ట ఆమె ఒళ్లో ఉంది.

ఒడ్డున ఉపేందర్ విషయం విన్నాడు. సంతోషి సామాను సర్దుకునేదాకా ఆగాడు.

“ఆమె రాసిచ్చిందా? ఇయ్యలే. మరి నీకెందుకక్కా? పూలతోని పోయినయంటె కంపెనీవోళ్లు ఈ గుంత మల్ల మనకిస్తరా? వారం ఆగు. మందు లేదని తేలితె ఆయన్ను వాళ్లే ఇడిసిపెడ్తరు.”

“క్రిస్మస్‌కు లోపట ఉంటడు.”

“కాపలా ఇడిసిపెట్టి పోయిండు గద.”

మమత ఇంకో మాట అన్నది. బతుకమ్మ వేస్తే చేపలు చచ్చాయని మనమే చెప్తే కాలనీలో మన మొహం చూస్తారా అని. తన బతుకమ్మ కూడా అందులోనే ఉందని, ఆ మాట తనకే వినబుద్ధి కావడం లేదని అంది. అనసూర్య కాడల కట్టను మేత కవర్లో చుట్టింది. గేటు దగ్గర ఆటో దొరకలేదు. రాజీవ్ రహదారి దాకా నడిచింది.

స్టేషన్‌లో ఆమోసు అదే బెంచీ మీద ఉన్నాడు. సుగుణమణి పక్కన కూర్చుని ఉంది. ఇద్దరూ ఆమెను చూశారు. అనసూర్య వాళ్ల ముందు నుంచి లోపలికి వెళ్లింది. ఎస్సై ముందు ఆమె ఫిర్యాదు కాగితం, దాని పక్కన తెల్ల కాగితాలు ఉన్నాయి. రైటర్ కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు.

“నిన్న ఇచ్చింది వాపసు తీసుకుంట సారు.”

“మందు లేదని రిపోర్టు వచ్చిందా?”

“రాలె.”

ఆమె కవరు విప్పి కాడలను బల్ల మీద పెట్టింది. రైటర్ కుర్చీ వెనక్కి జరిపాడు. అనసూర్య జరిగింది చెప్పింది. సంతోషి చెప్పినదాంట్లో తనకు అర్థమైనంత చెప్పింది. కొర్రమట్టల సంగతి చెప్పింది. ఎస్సై పెన్సిల్‌తో పసుపు తీగను కదిపాడు.

“బతుకమ్మతోని చేపలు సచ్చినయని రాయాల్నా? రేపు కాలనోళ్లు నా మీదికొస్తరు.”

“బతుకమ్మ అని రాయకున్రి. గేటు తీసింది నేను. ఎంత పడ్తున్నదో చూడకుంట ఏపిచ్చింది నేను. సంఘాన్ని అడగలే. అనసూర్య అని రాయున్రి.”

ఎస్సై సంతోషికి ఫోన్ చేశాడు. అవతల చెప్పేది వింటూ ఊఁ కొట్టాడు. ఫోన్ పెట్టి, ఆమోసును లోపలికి పిలిపించాడు. మొన్న రాత్రి ఎక్కడున్నావని అడిగాడు.

ఆమోసు అనసూర్య వైపు చూశాడు.

“క్యారల్స్‌కు పోయిన సారు.”

“నిన్న గుంత కాడనే ఉన్ననంటివి?”

“పని పోతదని.”

రైటర్ అది కూడా రాశాడు. ఆమోసు సంతకం చేసి పెన్ను బల్ల మీద పెట్టాడు. అదే పెన్ను తీసుకుని అనసూర్య సంతకం చేసింది. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా మందు డబ్బా ఇక్కడే ఉంటుందని, పిలిస్తే ఇద్దరూ రావాలని ఎస్సై చెప్పాడు. బయట సుగుణమణి అతని భుజాల మీద దుప్పటి సర్దింది.

“చేపలు ఎన్ని మిగిలినయ్?” అని ఆమోసు అడిగాడు.

“రెండు కేజ్‌లయి.”

అతను తల ఊపాడు. అన్నా, నేను, అని అనసూర్య మొదలుపెట్టింది. బస్సు వచ్చిందని సుగుణమణి అతని చెయ్యి పట్టుకుని దాటించింది.

శనివారం సంఘం గుంత ఒడ్డునే కూర్చుంది. కాపలా వదిలి వెళ్తే తీసెయ్యాలని సంఘం నియమం. సంఘానికి చెప్పకుండా నీళ్లలోకి ఎవరినైనా, దేన్నైనా దింపితే పదవి పోతుందని ఇంకో నియమం. రెండూ అనసూర్య పెట్టించినవే. ఆమె రెండూ గుర్తు చేసింది. రెండింటికీ చేతులెత్తారు. మమత అధ్యక్షురాలైంది. ఉపేందర్ తమ్ముడు వచ్చేదాకా సభ్యులే వంతుల వారీగా కాపలా ఉండాలని అనుకున్నారు. మొదటి వంతు తీసుకుంటానని అనసూర్య అన్నది. వెళ్తూ వెళ్తూ మమత గేటుకున్న ఫ్లెక్సీ తాళ్లు విప్పింది.

పొద్దు గుంకే ముందు ఆమోసు సామాను కోసం వచ్చాడు. గుడిసె ముందు కుర్చీలో అనసూర్య ఉంది. లేవబోతే కూసో అన్నాడు. నులక మంచం, దీపం, రెండు గిన్నెలు తెచ్చి ఆటోలో పెట్టాడు. వెనక్కి వెళ్లి వంకాయలు కోసుకుని కండువాలో కట్టుకున్నాడు. చివర కుంపటి దగ్గరికి వచ్చి, కాలితో తట్టి, పాత బూడిద ఒలికించాడు.

“ఇది గూడ నాదే.”

“తీసుకపో అన్నా.”

అతను గుంత వైపు చూశాడు. మోటారు నడుస్తోంది. రెండు కేజ్‌ల మధ్య నీళ్లు బుడగలు పోతున్నాయి.

“ఉండనియ్ చెల్లె. చలి ఉన్నది.”

ఆటో గేటు దాటి వెళ్లింది.

ఆదివారం ఉదయం ఆరు గంటలకు మమత మేత బస్తాతో బాట దిగింది. ల్యాబు రిపోర్టు ఇంకా రాలేదు. కుంపటిలో నిప్పు ఉంది. రెండు కేజ్‌లలోనూ చేపలు మేతకు పైకి వచ్చాయి.